సెషన్‌కి 90 నిమిషాలు, రోజుకి 250 మాటలు: ఇల్లూ ఉద్యోగం మధ్య డీఎం చేస్తూ నవల రాయడం

ప్రశ్న క్లుప్తంగా: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, భార్య కూడా ఉద్యోగస్తురాలే. నాలుగేళ్ల పాప, ఒక ఇండీ కుక్క, ఒక పిల్లి. ప్రతి శనివారం రాత్రి ఐదుగురికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నడుపుతున్నారు. పాచికలు వేస్తూ కథ చెప్పుకునే ఆట ఇది: ప్లేయర్లు ఒక్కో పాత్ర ఆడతారు, మిగతా ప్రపంచాన్నీ రాక్షసుల్నీ నడిపేది డంజన్ మాస్టర్, అంటే డీఎం. నలుగురు ఇంటికే వస్తారు, ఒకరు డాలస్ నుంచి వీడియో కాల్‌లో ఆడతారు. ప్రిపరేషన్‌కే వారానికి ఎనిమిది గంటలు పోతోంది. తెలుగులో మొదలుపెట్టిన ఫాంటసీ నవల ఏడో అధ్యాయం దగ్గర ఆగి ఆరు నెలలైంది. ఆట మధ్యలో కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యాప్ మీదకి ఎక్కుతుంది, ఇంట్లో చిరాకులు. ఆట మానాలా, రాత మానాలా?

జవాబు: రెండూ మానక్కర్లేదు. కానీ రెండిటినీ ఒకే ఖాళీ సమయంలో ఇరికిస్తున్నంత కాలం నవల కదలదు. ఆట కోసం ఐదుగురు ఎదురుచూస్తుంటారు, శనివారం రాగానే తలుపు కొడతారు. నవల కోసం తలుపు కొట్టేవాళ్లు ఎవరూ లేరు. పైగా కథ అల్లాలన్న ఉబలాటం రెండిటికీ ఒకటే. మంగళవారం రాత్రి ఒక రాజవంశం చరిత్ర రాసుకుంటే కడుపు నిండినట్టుంటుంది, బుధవారం పొద్దున నవల ముందు కూర్చుంటే ఆకలి ఉండదు. అందుకే ప్రిపరేషన్‌కి పైహద్దు పెట్టుకోండి, రాతకి కిందిహద్దు పెట్టుకోండి. సెషన్‌కి 90 నిమిషాలు దాటి తయారవకూడదు. రాసే రోజున 250 మాటలకి తగ్గకూడదు. మిగతావన్నీ ఈ రెండు హద్దుల్ని కాపాడటానికే.

ముందు క్యాలెండర్. వారం వారం ఆడటం మానేసి నెలకి రెండు సార్లకి రండి. మూడు గంటల సెషన్ అంటే ఇల్లు సర్దడం, అందరూ వెళ్లాక ఎత్తిపెట్టడం, తర్వాత నిద్ర పట్టని ముప్పావుగంట కలిపి నాలుగున్నర గంటలు. దానికి ఎనిమిది గంటల ప్రిపరేషన్ కలిస్తే వారానికి పన్నెండున్నర. నాలుగేళ్ల పాప ఉన్న ఇంట్లో ఇది నిలబడదు. రెండో శనివారం, నాలుగో శనివారం అని ఖాయం చేయండి. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకి ఈ రెండు శనివారాలు సెలవు కాబట్టి గుంపులో బ్యాంకు ఉద్యోగులుంటే వాళ్లకీ కలిసొస్తుంది. ప్రతిసారీ వాట్సాప్‌లో పోల్ పెట్టే పద్ధతి వదిలేయండి. పోల్ పెట్టారంటే ఆట ఉందో లేదో ప్రతి వారం కొత్తగా తేల్చుకోవాల్సి వస్తుంది, ఆ తేల్చుకునే పని చివరికి డీఎం నెత్తినే పడుతుంది.

మన ఇళ్లలో వారాంతాలు అన్నీ ఒకలా ఉండవన్నది కూడా లెక్కలో వేసుకోండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే పెళ్లిళ్లు, గృహప్రవేశాలు. ఆ నెలల్లో ఐదుగురూ కుదరరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు, ముహూర్తాలు ఉండవు. పెద్ద కథాభాగం, అందరూ ఉండి తీరాల్సిన సెషన్లు ఆషాఢంలో పెట్టుకోండి. భాద్రపదంలో మాత్రం వినాయక చవితి రోజులు వదిలేయాలి, వీధిలో మండపం మైకు ఉండగా డాలస్ నుంచి వినేవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. ఈ లెక్కన సంవత్సరానికి దాదాపు 18 నుంచి 20 సెషన్లు వస్తాయి. క్యాంపెయిన్ (సెషన్లన్నీ కలిసిన పెద్ద కథ) నిడివిని ఆ సంఖ్యకి తగ్గట్టు వేసుకోండి. ఎనిమిది సెషన్లు ఒక భాగం, తర్వాత ఐదారు వారాలు విరామం. విరామం ఎప్పుడో ముందే ప్రకటిస్తే ఆట ఆగిపోయిందన్న బెంగ ఎవరికీ ఉండదు, నవలకి ఏడాదిలో రెండు పెద్ద ఖాళీలు దొరుకుతాయి.

టైము విషయానికొస్తే, డాలస్ మనిషి ఉన్నాడు కాబట్టి శనివారం మధ్యాహ్నం కుదరదు. ఇక్కడ మూడు గంటలంటే అక్కడ తెల్లవారుజాము. పాప ఎనిమిదిన్నరకి పడుకుంటే 8:45కి మొదలుపెట్టి 11:30కి ఆపండి. చలికాలంలో అది డాలస్‌లో శనివారం పొద్దున 9:15, వేసవికాలంలో 10:15. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. ఆ రెండు వారాల్లో ఎవరో ఒకరు గంట ముందో వెనకో రావడం ఖాయం. ఆ రెండు తేదీలూ గ్రూప్‌లో పైన పిన్ చేసి ఉంచండి.

ఎంతమంది వస్తే ఆడాలన్నది కూడా ఒకసారే తేల్చేయండి. ఐదుగురిలో ముగ్గురుంటే ఆట ఉంటుంది. ఇద్దరే ఉంటే ఉండదు. రానివాళ్లు గురువారం రాత్రి 9 లోపు చెప్పాలి. రాని ప్లేయర్ పాత్ర ఆ రోజు జ్వరంతో సత్రంలో ఉంటుంది, దాన్ని ఎవరూ నడపరు, అది చావదు. ఈ నియమం పనిచేయాలంటే ప్రతి సెషన్ ఏదో ఒక ఊళ్లోనో, శిబిరంలోనో ముగియాలి. గుహ మధ్యలో, పోరాటం మధ్యలో ఆపితే తర్వాతి వారం ఒకరు రాకపోగానే చిక్కు మొదలవుతుంది. 11 గంటలకి గడియారం చూసి, కథని ఊరి వైపు తిప్పడం డీఎం నేర్చుకోవాల్సిన విద్య.

ఇక ప్రిపరేషన్. ఎనిమిది గంటలు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి రాసి చూడండి. చాలామందికి అది మ్యాపుల్లో, ప్రపంచ చరిత్రలో, జరగని సంభాషణల్లో పోతుంది. కంప్యూటర్ మీద ఆడే వర్చువల్ టేబుల్‌లో ఒక్క మ్యాప్‌కి గోడలు గీసి వెలుతురు అమర్చడానికే అరగంట పైన పడుతుంది, ప్లేయర్లు ఆ గదిలోకి వెళ్లకపోతే అదంతా వృథా. ప్రిపరేషన్‌లో కథ ఎటు పోవాలో రాసుకోకండి. అక్కడ ఏముంది, ఎవరికి ఏం కావాలి, ప్లేయర్లు అడ్డుపడకపోతే ఏం జరుగుతుంది, ఇంతవరకే. కథ ఎటు పోవాలో రాసుకున్న డీఎంకి ప్లేయర్లు పక్కదారి పట్టిన ప్రతిసారీ నష్టం. స్థితి మాత్రమే రాసుకున్నవాళ్లకి ఏ దారైనా పనికొస్తుంది.

90 నిమిషాల్ని మూడుగా కోయండి. మొదటి 15 నిమిషాలు సెషన్ అయిన మర్నాడే. ఎవరికి ఏం మాట ఇచ్చారు, డీఎం నడిపే ఏ పాత్ర (ఎన్‌పీసీ) పేరు అప్పటికప్పుడు పుట్టింది, ఎవరి దగ్గర ఏ వస్తువుంది, ఇవి ఫోన్‌లో వాయిస్ నోట్‌గా చెప్పినా చాలు. 24 గంటలు దాటితే సగం మర్చిపోతారు, తర్వాత గుర్తు తెచ్చుకోవడానికే గంట పడుతుంది. రెండో ముక్క, 50 నిమిషాలు, సెషన్ వారం మంగళవారమో బుధవారమో. ఒకే ఒక ఏ4 కాగితం నింపడం. మూడో ముక్క 25 నిమిషాలు, శనివారం పొద్దున: రాక్షసుల స్టాట్ బ్లాకులకి (బలాబలాల పట్టికలకి) పేజీ గుర్తులు, మ్యాప్ గళ్ల మీద నాలుగు గీతలు, పేర్ల జాబితా పది. టైమర్ పెట్టుకోండి. మోగగానే ఆపండి, కాగితంలో ఖాళీలున్నా సరే.

ఆ ఏ4 కాగితం మీద ఏముంటుందో ఒకటి చూపిస్తాను. మూడో లెవెల్ పాత్రలు ఐదు అనుకుందాం. స్థలం ఒక చెరువు. కాకతీయుల కాలపు రామప్ప, పాఖాల చెరువులు మన కళ్లముందే ఉండగా ఎక్కడో విదేశీ కోటని ఊహించడానికి గంటలు ఖర్చుపెట్టడం దేనికి? కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, నీళ్లు వదిలే నీరటికాడు, ఇవన్నీ మీ ప్లేయర్లకి చెప్పకుండానే కళ్లకి కడతాయి.

పైన రెండు వాక్యాలు: చెరువు నిండుగా ఉంది, తూము తెరుచుకోవడం లేదు, కింద నారుమళ్లు ఎండుతున్నాయి. నీరటికాడు రెండు రోజులుగా కనబడటం లేదు. మొదటి సీను: పాత్రలు కట్ట ఎక్కేసరికి ఇద్దరు రైతులు పారలెత్తి కొట్టుకోబోతుంటారు. మనుషులు ముగ్గురు: నీరటికాడి కూతురు, తండ్రి కావాలి, ఏ వాక్యమూ పూర్తిచేయదు; ఊరి పటేలు, మర్యాదగా మాట్లాడతాడు, తన ఇంట్లోకి మాత్రం ఎవర్నీ రానివ్వడు; గాబ్లిన్ల (పొట్టి రాక్షసజాతి) నాయకురాలు, తూము లోపల ఉన్న దేనికో భయపడుతోంది. తర్వాత రహస్యాలు ఆరు నుంచి ఎనిమిది, ఒక్కోటి ఒక్క వాక్యం. తూము రాతిమీద శాసనంలో చివరి పంక్తిని ఎవరో ఉలితో చెరిపేశారు. గాబ్లిన్లు తూములో దూరింది దాక్కోవడానికి. నీరటికాడు బతికే ఉన్నాడు, అలుగు కింద ఉన్నాడు. పటేలు ఇంటికి ఈమధ్యే ఒక ఇనప తలుపు చేరింది. ఏ రహస్యం ఎవరి నోట బయటపడుతుందో రాయకూడదు. ప్లేయర్లు శాసనం చదివితే అందులో, గాబ్లిన్‌ని పట్టుకుంటే దాని నోట, కూతురితో మాట్లాడితే ఆమె మాటల్లో బయటికి వస్తుంది. ప్రిపరేషన్‌లో ఒక్క వాక్యం కూడా చెత్తబుట్టలోకి పోకపోవడానికి కారణం ఈ ఒక్క పద్ధతే.

కింద పోరాటాలు: గాబ్లిన్లు ఆరు, ఓగర్ అనే భారీ రాక్షసుడు ఒకటి. 2014 నాటి ఆట పుస్తకం లెక్కలో మూడో లెవెల్ ఐదుగురికి ఇవి విడివిడిగా వస్తే తేలిక, కలిసి వస్తే కష్టం (హార్డ్). వీటిలో ఎన్ని పడతాయో గడియారమే చెబుతుంది. ఒక్కో ప్లేయర్ వంతు రెండు నిమిషాలు, డీఎం వంతు మూడు, అంటే ఒక రౌండుకి 13 నిమిషాలు. నాలుగు రౌండ్లకి 52. మీ చేతిలో ఉన్నవి 165 నిమిషాలు, మధ్యలో పది నిమిషాల టీ. కాబట్టి ఒక పూర్తి పోరాటం, రెండు రౌండ్లలో తేలే చిన్నదొకటి. అంతకు మించి పెడితే మాటలకి చోటుండదు.

టైము మించిపోతుంటే రాక్షసుల హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ ఓర్చుకుంటాయో చెప్పే అంకె) తగ్గించడం తప్పేం కాదు. 2014 పుస్తకంలో ఓగర్‌కి 59 రాసి ఉన్నా అది సగటు మాత్రమే. అసలు లెక్క పది ముఖాల పాచికలు ఏడు వేసి 21 కలపడం, అంటే 28 నుంచి 91 దాకా ఏదైనా న్యాయమే. 11:10 అయింది, ఓగర్‌కి అప్పటికే ముప్పై పడ్డాయి, అందరూ ఆవలిస్తున్నారు: తర్వాతి దెబ్బకి పడిపోనివ్వండి. లేదా పారిపోనివ్వండి, వచ్చే సెషన్‌కి మొదటి సీను దొరికినట్టే.

మ్యాప్‌కి ఒక ఏ3 కాగితం మీద అంగుళం గళ్లు గీసి లామినేట్ చేయించుకుంటే 11 గళ్ల వెడల్పు, 16 గళ్ల పొడవు వస్తుంది. గడికి ఐదు అడుగుల లెక్కన 55 అడుగులు, 80 అడుగులు. చాలా పోరాటాలకి ఇది సరిపోతుంది. వైట్‌బోర్డ్ మార్కర్‌తో గీసి ఆ రాత్రే తుడిచేయాలి, వారం వదిలేస్తే మరకలు పట్టేస్తాయి, అప్పుడు శానిటైజర్ వేసి రుద్దాలి. డాలస్ మనిషి కోసం పాత ఫోన్ ఒకటి పైనుంచి మ్యాప్‌ని చూపిస్తే చాలు. మాట కోసం మాత్రం బల్ల మధ్యలో ఒకే మైకు, ఒకే స్పీకరు ఉండాలి. రెండు పరికరాలు ఒకే గదిలో కాల్‌లో ఉంటే గొంతు తిరిగి తిరిగి వినబడుతుంది.

రాత గురించి. సెషన్ రోజున, ఆ మర్నాడు పొద్దున నవల జోలికి పోకండి. మిగిలిన పొద్దుల్లో నాలుగు రాతకి, 5:30 నుంచి 6:15. ఆ 45 నిమిషాల్లో 250 మాటలు. వారానికి వెయ్యి. జ్వరాలు, రిలీజులు, ఊరి ప్రయాణాలు తీసేసినా ఏడాదికి 40 వేల మాటలు వస్తాయి, అది ఒక మోస్తరు నవల. ఆపేటప్పుడు తర్వాతి వాక్యం ఏమిటో తెలిసిన చోట ఆపి, దాన్ని ముక్కలుగా కింద రాసి లేవండి. లేకపోతే మర్నాటి 45 నిమిషాల్లో ఇరవై నిమిషాలు ఎక్కడున్నామో వెతుక్కోవడానికే పోతాయి. మెట్రోలో గొంతుతో తెలుగు టైపింగ్ చేయొచ్చు గానీ విరామ చిహ్నాలు సరిగా పడవు, వ్యవహారిక రూపాలు మారిపోతుంటాయి. దాన్ని నోట్స్‌కి వాడండి, చిత్తుప్రతికి వద్దు.

నవల ఏడో అధ్యాయం దగ్గర ఆగడానికి టైము ఒక్కటే కారణం కాకపోవచ్చు. డీఎం చేసేవాళ్ల రాతలో కొన్ని అలవాట్లు చేరతాయి, వాటి వల్ల కథ మధ్యలో చప్పబడుతుంది. బల్ల దగ్గర మీరు ఇలా చెబుతారు: "మీరు తలుపు తోశారు. గది ఇరవై అడుగుల చదరం. ఉత్తరాన ఇంకో తలుపు. మూల ఒక పెట్టె. నూనె వాసన వస్తోంది." ఆటలో ఇది సరైన వర్ణన. ప్లేయర్ ఏదో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి అన్ని దారులూ సమానంగా చూపించాలి. అదే సీను నవలలో: "తలుపు తోయగానే నూనె వాసన. నాన్న పోయిన రోజు ఇంటినిండా ఇదే వాసన. పెట్టె వైపు చూడకూడదనుకుంది. చూసింది." ఇక్కడ ఉత్తరపు తలుపు లేదు, గది కొలత లేదు. పాత్ర మనసు అప్పటికే ఒక వైపు మొగ్గింది కాబట్టి మిగతావి కంటికి కనిపించవు. మీ అధ్యాయాలు తిరగేసి, పాత్ర పట్టించుకోని వస్తువులన్నీ కొట్టేసి చూడండి, సీను వెంటనే బిగుస్తుంది.

రెండో అలవాటు వంతులు. ఆటలో ఐదుగురికీ సమానంగా మాట్లాడే అవకాశం ఇవ్వడం డీఎం ధర్మం. నవలలో ఐదుగురు సహచరులూ ప్రతి సీనులో ఒక్కో మాట అంటుంటే ఎవరి కథో తెలియదు. మూడోది పాచిక. ఇరవై ముఖాల పాచిక మీద ఇరవై పడి రాక్షసుడు చచ్చినప్పుడు బల్ల చుట్టూ కేకలు పుట్టేది అది ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి. నవల చదివేవాళ్లకి మాత్రం అదే సంఘటన రచయిత చేసిన ఏర్పాటుగా కనబడుతుంది. అక్కడ గెలుపుకి ముందు అధ్యాయాల్లో కారణం నాటి ఉండాలి. మీ సెషన్‌ని అధ్యాయంగా దించే ప్రయత్నం చేస్తుంటే అది ఆగిపోవడానికి ఇదే ముఖ్య కారణం అయి ఉంటుంది.

రచయిత అలవాట్లూ ఆటని అలాగే చెడగొడతాయి. చదివి వినిపించే వర్ణన నాలుగు వాక్యాలు దాటితే వినేవాళ్ల చేయి ఫోన్ మీదకి పోతుంది. మీకు నచ్చిన ఎన్‌పీసీ పాత్రల కన్నా బలంగా, తెలివిగా ఉంటే అది వాళ్ల కథ కాకుండా పోతుంది. నవల ప్రపంచాన్ని ఆటలో వాడొచ్చు గానీ ముఖ్యకథని, ముగింపుని బల్ల మీద పెట్టకండి. ప్లేయర్లు దాన్ని మార్చేస్తారు, మార్చేయాలి కూడా, అప్పుడు మీకు కోపం వస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట: ప్లేయర్ సృష్టించిన పాత్ర, వాళ్ల నోట పుట్టిన సంభాషణ వాళ్లవి. నవలలో వాడాలంటే ముందే అడిగి, ఒప్పుకున్నట్టు ఒక మెసేజ్ దాచుకోండి. ఆట సామగ్రినే ప్రచురించే ఆలోచన ఉంటే, డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5.1 నియమాల పత్రం (ఎస్ఆర్‌డీ) 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సులో ఉంది. అందులో చెప్పిన గుర్తింపు వాక్యం (ఎవరి పత్రమో చెప్పేది) వేసి, అందులో ఉన్నంతవరకు వాడుకోవచ్చు. దానిలో లేని రాక్షసుల పేర్లు, ప్రపంచాల పేర్లు నవలలోకి కూడా తీసుకోకండి.

ఇంట్లో మాట. "నాకు కొంచెం టైము కావాలి" అని అడిగితే ఎంత అన్నది తెలియక మీ ఆవిడకి అది ఎప్పటికీ తీరని అప్పులా కనిపిస్తుంది. నెలకి రెండు శనివారాలు, 8:15 నుంచి 12, వారంలో నాలుగు పొద్దులు 45 నిమిషాలు అని అంకెలతో చెప్పండి. ఆ చెప్పేటప్పుడే మీరు ఇచ్చేది కూడా చెప్పాలి: మొదటి, మూడో శనివారాలు అవే గంటలు ఆమెవి, పాప, కుక్క, పిల్లి, వంట మీవి. ఆ గంటల్లో ఆమె ఏం చేస్తుందన్నది మీరు అడగక్కర్లేదు. రెండూ ఒకే క్యాలెండర్‌లో ఉండాలి. ఆమె శనివారం రద్దయితే తర్వాతి మీ శనివారం ఆమెకి వెళ్లాలి, ఈ ఒక్క నియమం పాటిస్తేనే మిగతావి నమ్ముతారు. సెషన్ రోజున స్నాక్స్, టీ, గిన్నెలు ప్లేయర్లవే. ఇంటావిడ మీద ఒక్క కప్పు కూడా పడకూడదు. పాప మధ్యలో లేస్తే ఆట ఆగుతుంది, మీరే వెళ్తారు. పది నిమిషాలు ప్లేయర్లు మార్కెట్లో వస్తువులు కొనుక్కుంటూ ఉంటారు.

ఇంట్లో అమ్మానాన్నలుంటే పాచికలు చూడగానే జూదం గుర్తుకొస్తుంది. శకుని కథ వింటూ పెరిగినవాళ్లు కదా, వాళ్ల భయం సహజం. డబ్బు లేదు, పందెం లేదు, అందరూ ఒకే పక్షం, కథ చెప్పుకోవడమే ఆట అని ఒకసారి కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు చూపించండి. పాపకి నాలుగేళ్లు కాబట్టి ఆరు ముఖాల పాచిక ఒకటి, అదీ పెద్దది, మింగడానికి వీల్లేనిది, పడుకునే ముందు కథలో వాడొచ్చు: నాలుగు, ఆపైన పడితే కుందేలు వాగు దాటింది, తక్కువ పడితే తడిసింది. పది నిమిషాలు చాలు.

కుక్కా పిల్లీ అల్లరి చేసేది ఎక్కువగా తీరని అవసరం వల్ల. కుక్కని 6:30కి 40 నిమిషాలు నడిపించండి, వచ్చాక అరగంట ఆగి 7:30 దాటాక అన్నం పెట్టండి, 8:30కి ఇంకోసారి కిందకి తీసుకెళ్లండి. నలుగురూ ఒక్కొక్కరే వచ్చి నాలుగుసార్లు బెల్ కొడితే నాలుగుసార్లు రేగుతుంది. బెల్ కొట్టొద్దని, ఫోన్ చేయమని చెప్పండి. బల్లకి దూరంగా ఒక చాప వేసి, ఆ చాప మీద ఉంటేనే నమిలే ఎముక దొరుకుతుందని రెండు వారాల ముందు నుంచి అలవాటు చేయాలి, సెషన్ రోజున కొత్తగా నేర్పితే రాదు. పోరాటంలో గొంతులు లేచినప్పుడు మొరుగుతుంటే అది మీ ఉద్రేకానికి జవాబు, తిట్టడం వల్ల ఇంకా పెరుగుతుంది.

పిల్లిని సెషన్‌కి ముందు ఈక కట్టిన కర్రతో పదిహేను నిమిషాలు పరుగెత్తించి, వెంటనే తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, దాని వరస అది. అయినా బల్ల ఎక్కితే దించుతూ కూర్చోకండి, బల్ల ఎత్తులోనే పక్క కుర్చీ మీద పాత తువ్వాలు వేసిన అట్టపెట్టె పెట్టండి. మనుషుల మధ్యన, వెచ్చగా, ఎత్తుగా ఉండే చోటు దొరికితే మ్యాప్ మీద దానికి పనిలేదు.

పాచికలు లెక్కపెట్టడం మాత్రం తప్పనిసరి. సెట్‌కి ఏడు, ఇంటికొచ్చే నలుగురికి 28, మీవి ఏడు, మొత్తం 35. మొదట్లో లెక్క, చివర్లో లెక్క. కిందపడకుండా అంచులున్న ట్రేలోనే వేయాలి. కుక్క మింగిందని అనుమానం వస్తే ఇంట్లో వాంతి చేయించకండి, వెంటనే పశువైద్యుల దగ్గరికి వెళ్లండి. అలాంటిదే ఇంకో పాచిక వెంట తీసుకెళ్లి, ప్లాస్టిక్‌దో లోహందో చెప్పండి. లోహం ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడుతుంది, మామూలు ప్లాస్టిక్ చాలాసార్లు కనబడదు. ఎక్స్‌రేలో ఏమీ లేదని వదిలేయకూడదు, వాంతులు, తిండి మానేయడం, విరేచనం ఆగిపోవడం గమనించాలి. స్నాక్స్ గిన్నెలూ ప్రమాదమే: ఉల్లిపాయ పకోడీ, మిక్చర్‌లో కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ ఉన్న షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ కుక్కకి విషం, ఉల్లి పిల్లికి కూడా. మూతలున్న డబ్బాల్లో పెట్టండి. దీపావళి దగ్గరి శనివారం సెషన్ పెట్టకండి, ఆ రాత్రి కుక్క పక్కన మనిషి ఉండాలి.

ఉద్యోగం గురించి ఒక్కటే: ఆన్‌కాల్ వారంలో, రిలీజ్ వారంలో సెషన్ ఉండదు. మీ రొటేషన్ మూడు నెలల ముందే తెలుస్తుంది కాబట్టి ఆ శనివారాల్ని ఇప్పుడే కొట్టేయండి. ఆ రోజుల్లో ఇంకో ప్లేయర్ ఒక రాత్రి కథ నడిపితే మరీ మంచిది, మీరు ప్లేయర్‌గా కూర్చుంటారు.

ఈ వారం చేయాల్సినది గ్రూప్‌లో మెసేజ్ పెట్టడం. మాటలు వెతుక్కోకుండా ఇది వాడుకోండి: "వచ్చే నెల నుంచి మన ఆట రెండో, నాలుగో శనివారాలు, రాత్రి 8:45 నుంచి 11:30. ఎనిమిది సెషన్లు అయ్యాక ఐదు వారాలు విరామం. ముగ్గురుంటే ఆడదాం. రానివాళ్లు గురువారం 9 లోపు చెప్పండి. టీ, స్నాక్స్ వంతులవారీగా మీరే తేవాలి, గిన్నెలు కడిగే వెళ్లాలి. బెల్ కొట్టొద్దు, కిందకొచ్చి ఫోన్ చేయండి. పాచికలు లెక్కపెట్టి ఇచ్చాకే ఇంటికి."